మంచు కిటికీ ప్రక్కన నాలుగు నవలలు

"అయ్యగారూ, అమెరికాలో ఎన్ని మీటింగులు?"

మేము ప్రయాణానికి సిద్ధపడుతున్నామని తెలిసి మా సంఘపెద్ద ఒకరు అడిగిన మొదటి మాట ఇది. "ఒక్కటీ లేదండీ" అన్నాము. ఆయన నమ్మలేదు. పాస్టరు విదేశం వెళ్తున్నాడంటే కూటాలైనా ఉండాలి, మందిరం ప్రహరీ గోడకు చందాలైనా ఉండాలి. ఊరకే స్నేహితులను చూడడానికి వెళ్లి, వాళ్లింట్లో కూర్చొని నవలలు చదువుకొని వచ్చిన పాస్టరు సంగతి ఆయన ఎన్నడూ విని ఉండరు. నిజం చెప్పాలంటే మేమూ వినలేదు. అయినా దేవుని కృపను బట్టి జరిగింది అదే. దాని వలన మా ఇంట్లో ఒక పాత గాయం మానడం మొదలైంది గనుక, సిగ్గు విడిచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

సెలవు దొరికిన తీరు

ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివే రోజుల్లో హాస్టలులో మాతో ఒకే గదిలో ఉన్న మిత్రుడు ఇప్పుడు పెన్సిల్వేనియా రాష్ట్రంలో లాంకాస్టర్ దగ్గర ఒక చిన్న ఊరిలో ఉంటున్నాడు. అతని భార్య గుంటూరులోనే నర్సింగు చదివి, అక్కడ ఆసుపత్రిలో పని సంపాదించుకున్నది. ఇద్దరూ ఏండ్ల తరబడి పిలుస్తూనే ఉన్నారు. చివరకు వారే టిక్కెట్లు తీసి పంపారు. పాస్టరుకు డిసెంబరులో ఊపిరి తీసుకునే తీరిక ఉండదని పాఠకులకు తెలుసు. వాచ్‌నైట్ ఆరాధన, నూతన సంవత్సర ఆరాధన ముగించి, ప్రక్క సంఘపు పాస్టరుగారికి ఆదివారాలు అప్పగించి, శ్రమకాల ఆరాధనలు మొదలయ్యేలోగా తిరిగి రావాలని జనవరిలో బయలుదేరాము. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి బ్రాడీపేటలో మా అత్తగారి దగ్గర ఉండిపోయింది.

పెట్టెలో గోంగూర పచ్చడి, కారం, అరిసెలు సర్దుకున్నాము. హైదరాబాదులో ఎక్కి, మధ్యలో ఒకచోట మారి, ఫిలడెల్ఫియాలో దిగాము. డాక్టర్ అన్నా సారా కుగ్లరమ్మగారు పుట్టిన ఆర్డ్‌మోర్ ఆ పట్టణానికి ఆనుకొనే ఉన్నది. ఆమె 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరచి, 1930లో మన ఊళ్లోనే కన్నుమూశారు. ఆమె వదలి వచ్చిన చలి ఎలాంటిదో విమానాశ్రయం తలుపు దాటగానే మా చెవులకు తెలిసింది.

మంచులో చిక్కుకున్న ఇల్లు

వెళ్లిన నాలుగవ రోజు మంచు కురిసింది. ఇక్కడ మన కళ్లాల్లో మిర్చి ఎర్రగా ఆరబోసే రోజుల్లో, అక్కడ చూపు ఆనినంత మేర తెలుపే. రోడ్డు లేదు, గట్టు లేదు. మా మిత్రుడు పారతో వాకిట్లో మంచు ఎత్తిపోస్తుంటే సాయం చేయబోయి రెండు నిమిషాల్లో నడుము పట్టుకొని లోపలికి వచ్చాము. ఆ ప్రాంతంలో ఆమిష్ అనే క్రైస్తవ శాఖవారు ఉన్నారు. కారు కొనుక్కోరు, ఇంటికి కరెంటు తీగ వేయించుకోరు. ఆ మంచులోనూ వారి గుర్రపు బండ్లు మెల్లగా పోతూనే ఉన్నాయి.

చెల్లెమ్మ రాత్రి డ్యూటీకి వెళ్లి ప్రొద్దున వచ్చి నిద్రపోయేది. మిత్రుడు గిడ్డంగిలో పనికి వెళ్లేవాడు. మా శ్రీమతి వంటింట్లోనో, ఊలు అల్లికలోనో పడిపోయేది. మాకు పని లేదు. ఒకరోజు మిత్రుడు మమ్మును ఊరి గ్రంథాలయానికి తీసుకెళ్లి, తన కార్డు మీద ఎన్ని కావాలంటే అన్ని పుస్తకాలు తీసుకోమన్నాడు. ఈ రాష్ట్రంలోనే 1731లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయన స్నేహితులు తలా కొంత వేసుకొని ఫిలడెల్ఫియాలో పుస్తకాలు అరువిచ్చే గ్రంథాలయం పెట్టారట. మనమూ తక్కువవారము కాము. వేటపాలెంలో సారస్వత నికేతనము 1918 నుండి ఉన్నది. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. అంత దగ్గర ఉండి మేము ఎన్నిసార్లు వెళ్లామో చెప్పడానికి ఒక వేలు కూడా మడవనక్కరలేదు.

మొదట తీసుకున్నది ఒక డిటెక్టివ్ నవల. దాచడమెందుకు, రాత్రి రెండు గంటల దాకా చదివి, తెల్లవారి కుటుంబ ప్రార్థనకు లేవలేకపోయాము. "పాస్టరుగారికి జ్వరమా?" అని మిత్రుడు నవ్వాడు. కాబట్టి నవలల్లో అపాయం లేదని మేము అనము. పుస్తకమైనా, చేతిలోని ఫోనైనా, ప్రార్థనను, నిద్రను, పనిని తినివేస్తే అది మనలను ఏలుతున్నట్టే. అందుచేత ఆ తరువాత నిదానించి, ఏరుకొని, ప్రక్కన డిక్షనరీ పెట్టుకొని చదివాము.

నది మీద మంచు పలకలు

హ్యారియెట్ బీచర్ స్టోవ్ వ్రాసిన 'అంకుల్ టామ్స్ క్యాబిన్' 1852లో పుస్తకంగా వచ్చింది. ఆమె ఒక ప్రసంగీకుని కుమార్తె, ఒక వేదాంత పండితుని భార్య. మొదటి ఏడాదే అమెరికాలో 3 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. అందులో ఎలిజా అనే బానిస తల్లి, తన బిడ్డను అమ్మివేశారని తెలిసి, వాడిని చంకనెత్తుకొని ఒహాయో నది మీద తేలే మంచు పలకల మీదుగా దూకుతూ అవతలి ఒడ్డుకు చేరుతుంది. పూర్వం ఈ కథ విన్నప్పుడు మంచు పలకలంటే మాకు ఏమీ తోచలేదు. ఇప్పుడు సస్క్వెహానా నది వంతెన మీద కారు ఆపించి చూశాము. బల్లలంత మంచు ముక్కలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ పోతున్నాయి. చేతి తొడుగులున్నా వేళ్లు కొంకర్లు పోయాయి. బిడ్డ కోసం ఒక తల్లి ఎంతకు తెగిస్తుందో ఆ వంతెన మీద అర్థమైంది.

మరొక రోజు సుమారు 90 కిలోమీటర్లు ప్రయాణించి గెట్టిస్‌బర్గ్ వెళ్లాము. బానిసత్వం మీద రగిలిన అంతర్యుద్ధంలో 1863 జూలై 1 నుండి 3 వరకు అక్కడ ఘోర పోరాటం జరిగింది. ఆ ఊరి లూథరన్ సెమినరీ 1826లో స్థాపించబడినది. గుంటూరు మిషనుకు వచ్చినవారిలో పలువురు అక్కడ చదివినవారే. యుద్ధ సమయంలో ఆ సెమినరీ భవనమే క్షతగాత్రుల ఆసుపత్రి అయింది. చదివిన కథ, నిలబడిన నేల, మన సంఘ చరిత్ర ఈ మూడూ ఒక్కచోట కలిసినట్టు అనిపించి, చలిలో టోపీ తీసి నిలబడ్డాము.

మన పల్లె కథ పరాయి మంచులో

మిత్రుని అలమరలో అట్ట ఊడిన తెలుగు పుస్తకం ఒకటి కనబడింది. ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'. ఉన్నవవారు సత్తెనపల్లి ప్రాంతంలో పుట్టి, డబ్లిన్‌లో బారిస్టరు చదివి, గుంటూరులో శారదా నికేతనము స్థాపించిన పెద్దమనిషి. జైలులో ఉండగా వ్రాసిన ఈ నవల 1922లో వెలువడితే, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. పాలేరు సంగదాసు కూలివారి పక్షాన నిలిచి, భూస్వామి చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణం విడుస్తాడు. మా తాతలు నడచిన పొలం గట్లు, వాళ్లు పలికిన మాటలు అందులో ఉన్నాయి. మాలపల్లెలో పుట్టిన మేము, మా ఊరి కథను వేల మైళ్ల అవతల మంచు కిటికీ ప్రక్కన మొదటిసారి పూర్తిగా చదివాము. మిత్రుడు పని నుండి వచ్చాక ఒక్కొక్క ప్రకరణం పైకి చదివేవాళ్లము. చెల్లెమ్మ డ్యూటీ బట్టలు వేసుకొని కూడా "ఇంకొక్క పేజీ, అన్నయ్యగారూ" అనేది.

నవల అబద్ధం గదా, విశ్వాసికి తగునా అని కొందరడుగుతారు. మన పెద్దలు బైబిలు తరువాత భద్రంగా దాచుకున్న 'యాత్రికుని ప్రయాణము' కూడా కల్పిత కథే. జాన్ బన్యన్ దానిని 1678లో ప్రచురించాడు. కాన్సాస్ రాష్ట్రంలో చార్లెస్ షెల్డన్ అనే కాపరి 1896లో తన నవలను ఆదివారం సాయంత్రాలు సంఘానికే అధ్యాయం వెంట అధ్యాయం చదివి వినిపించాడు. పని దొరకని ఒక పేదవాడు మందిరంలో లేచి అడిగిన ప్రశ్నతో మొదలయ్యే ఆ కథ, 'ఇన్ హిజ్ స్టెప్స్' అనే పేరుతో లోకమంతా తిరిగింది. అదీ చదివాము. మన ప్రభువు కూడా తప్పిపోయిన కుమారుని సంగతి కథగానే చెప్పలేదా?

ఒక కాపరి ఉత్తరం

నాలుగవది మెరిలిన్ రాబిన్సన్ వ్రాసిన 'గిలియడ్'. 2004లో వచ్చి, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి పొందింది. 76 ఏండ్ల ఒక పల్లెటూరి పాస్టరు గుండె జబ్బుతో ఉన్నాడు. లేక లేక కలిగిన చిన్న కుమారుడు పెద్దవాడయ్యే వరకు తాను బ్రతకనని తెలుసు. వాడు పెరిగాక చదువుకోవాలని ఒక పొడుగాటి ఉత్తరం వ్రాస్తాడు. పుస్తకమంతా ఆ ఉత్తరమే. అదే వయసులో మన హయ్యరు అయ్యగారు ఏమి చేశారో గుర్తుకు వచ్చింది. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన ఆయన, 1869లో 76 ఏండ్ల వయసులో మరల మన దేశానికి ఓడ ఎక్కారు.

ఆ పుస్తకం సగంలో ఉండగా అమ్మాయి ఫోను చేసింది. అక్కడ రాత్రి, ఇక్కడ ప్రొద్దున. "ఏం చేస్తున్నారు డాడీ?"

"నవల చదువుతున్నానమ్మా."

చాలాసేపు మాట లేదు. లైను తెగిందేమో అనుకున్నాము. తరువాత "మీరా?" అన్నది. ఆ వెంటనే "మంచిది డాడీ, కాలేజీకి టైమైంది" అని పెట్టేసింది.

ఆ ఒక్క మాట మమ్మును నిద్రపోనివ్వలేదు.

పొయ్యిలో కాలిన పుస్తకం

నాలుగేండ్ల క్రితం సంగతి. అమ్మాయి పదవ తరగతి. పరీక్షలు దగ్గరపడ్డాయి. సాంఘికశాస్త్రం పుస్తకం లోపల పెట్టుకొని ఒక నవల చదువుతూ మా కంట పడింది. ఆ ఆదివారమే మేము నవలలు, సినిమాలు, సీరియళ్లు విడిచిపెట్టాలని ప్రసంగించి ఉన్నాము. పాస్టరు ఇంట్లోనే ఇలాగా అని ఒళ్లు మండిపోయింది. పేరైనా చూడకుండా లాక్కొని, పెరట్లో నీళ్లు కాగుతున్న పొయ్యిలో వేశాము. పిల్ల ఏడవలేదు. పొయ్యి వైపు చూస్తూ నిలబడింది. ఆనాటి నుండి మా ఎదుట పాఠ్యపుస్తకం తప్ప మరొకటి తెరవలేదు. మనసులో మాట చెప్పడమూ తగ్గించింది. పిల్ల బాగుపడిందని మేము సంతోషించాము!

నాతాను ప్రవక్త దావీదుకు ఒక పేదవాని గొర్రెపిల్ల కథ చెప్పినప్పుడు, కథలోని దోషి మీద రాజుకు కోపం వచ్చింది. ఆ దోషి తానేనని తరువాత తెలిసింది. కుమారునికి ఉత్తరం వ్రాసే ఆ ముసలి కాపరి మాకు అదే పని చేశాడు. ఆయన బిడ్డతో మాట్లాడడానికి రోజులు చాలవని బాధపడుతున్నాడు. మాకు రోజులున్నవి, మాట లేదు.

తిరిగి వచ్చిన రెండవ రోజు, మా శ్రీమతి ఎదుటనే అమ్మాయిని కూర్చోబెట్టి, "ఆ రోజు మేము చేసింది తప్పు, క్షమించమ్మా" అని అడిగాము. అది తల వంచుకొని, "ఆ పుస్తకం బడి లైబ్రరీది డాడీ" అన్నది. ఖరీదు, జరిమానా కలిపి 200 రూపాయలు కట్టమన్నారట. మాకు చెప్పడానికి భయపడి, రోజూ ఆటోకిచ్చే పది రూపాయలు దాచి, ఇరవై రోజులు ఎండలో నడచి ఇంటికి వచ్చిందట. ఆ ఇరవై రోజులు బిడ్డ కాళ్లకు దుమ్ముతో ఇల్లు చేరడం మేము గమనించనైనా లేదు. ప్రసంగానికి సిద్ధపడుతూ ఉండి ఉంటాము.

నవల పేరు అడిగి, పాత పుస్తకాల కొట్లు వెదకి, మూడవ వారానికి ఒక ప్రతి తెచ్చి ఇచ్చాము. ఒక మామూలు కుటుంబ కథ. చివరి ముప్పై పేజీలు అది చదవలేదు గనుక ఆ రాత్రే కూర్చొని ముగించింది. "ఎలా ఉన్నదమ్మా?" అని అడిగితే నవ్వి, "ఇన్నేళ్లూ నేను ఊహించుకున్న ముగింపే బాగుంది డాడీ" అన్నది. ఆ ఊహించుకున్న ముగింపు ఏమిటో చెప్పమన్నాము. పదకొండు దాటేదాకా చెప్పింది.

కుటుంబాలకు నాలుగు మాటలు

తల్లిదండ్రులారా, పిల్లలు చదివే ప్రతిదీ మంచిదని మేము చెప్పడం లేదు. చెడు పుస్తకాలున్నవి. అయితే లాక్కొనే ముందు పేరు చదవండి. వీలైతే మీరే పది పేజీలు చదవండి. తరువాత బిడ్డతో దాన్ని గురించి మాట్లాడండి. పరీక్షల వేళ ప్రక్కన పెట్టమనడం వేరు, కాల్చివేయడం వేరు. మీకు చదువు రాకపోతే రాత్రి అన్నాల తరువాత పిల్లల చేత పైకి చదివించుకొని వినండి. పత్తి తీసి, మిరపకాయ కోసి అలసి వచ్చిన ఒంటికి అది విశ్రాంతి, పిల్లకు గౌరవం.

మా మందిరంలో ఇప్పుడు ఒక చెక్క అలమర ఉన్నది. నలభై పుస్తకాలతో మొదలుపెట్టాము. తాళం, లెక్కల పుస్తకం అమ్మాయి చేతికి ఇచ్చాము. అమెరికాలో ఎన్ని మీటింగులని అడిగిన పెద్దాయన మొదట దాని వైపు చూడలేదు. గత నెలలో, ఆరాధన అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, 'మాలపల్లి' చంకలో పెట్టుకొని వెళ్లారు. పది రోజులు తిరగకుండానే వచ్చి, "దీని తరువాయి భాగం ఎక్కడమ్మా?" అని మా అమ్మాయిని అడిగారు.