గుండెలో మందు పూసిన వల

బందరు నుంచి గుడివాడ వెళ్ళే రైలు మార్గంలో పెడన ఉంది. అక్కడి కలంకారీ అద్దకం మీరెప్పుడైనా చూశారా? బట్టను ముందు కరక్కాయ రసంలో తడిపి ఆరబెడతారు. తరువాత పటిక ద్రావణాన్ని చెక్క అచ్చుతో అద్దుతారు. ఆ పైన రంగు నీళ్ళలో ఉడికిస్తే పటిక తగిలిన చోటే రంగు పట్టుకుంటుంది. ఉతికినా ఒక పట్టాన వదలదు.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన అద్దకం మరొకటి ఉంది. అందులో పూత వదలాలి. అదీ ఒక్కసారిగా కాదు, వారాల తరబడి, కొద్దికొద్దిగా. ఆ పూత వేసేది బట్ట మీద కాదు, గుండె రక్తనాళంలో అమర్చే చిన్న లోహపు వల మీద. దాని పేరు స్టెంటు.

గుండె ఒళ్ళంతటికీ రక్తం పంపుతుంది. మరి గుండె కండరానికి రక్తం అందించేవి ఏవి? కరోనరీ ధమనులు. వీటి లోపలి వ్యాసం మూడు నాలుగు మిల్లీమీటర్లే! కాలువలో పూడిక చేరినట్లు వీటిలో కొవ్వు చేరి దారి ఇరుకవుతుంది. పోలిక అంతవరకే సుమా! కాలువలో పూడిక అడుగున పడుతుంది. ధమనిలో కొవ్వు గోడ లోపలే పేరుకుంటుంది. కనుక తవ్వి తీయడం కష్టం. గోడను పక్కకు నొక్కి దారి చేయాలి.

1977లో జూరిచ్ నగరంలో గ్రూంట్జిగ్ అనే వైద్యుడు ఆ పని చేశాడు. సన్నని గొట్టాన్ని ధమనిలోకి పోనిచ్చి, దాని కొసనున్న బెలూనును ఇరుకు చోట ఉబ్బించాడు. దారి తెరుచుకుంది. అయితే బెలూను తీసేశాక కొందరిలో ధమని తిరిగి ముడుచుకుపోయేది. నూతి గోడ కూలకుండా వరలు దించుతారు కదా, అలాంటి ఆధారం కావలసి వచ్చింది. 1986లో ఫ్రాన్సులో జాక్ పుయెల్ మనిషి గుండె ధమనిలో తొలి స్టెంటును అమర్చాడు.

విదేశీ స్టెంట్ల ఖరీదు మన రోగులకు అందేది కాదు. 1990లలో హైదరాబాదులో క్షిపణి శాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలాం, గుండె వైద్యుడు సోమరాజు కలిసి చవకైన స్టెంటును రూపొందించారు. అదే కలాం–రాజు స్టెంటు. ఖరీదు సమస్య మాత్రం చాలాకాలం సాగింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం గరిష్ఠ ధరలు నిర్ణయించింది: మామూలు స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూసినదానికి 29,600 రూపాయలు.

ఇంతకీ మందు ఎందుకు పూయాలి? స్టెంటు ఒత్తిడికి ధమని గోడ గాయపడుతుంది. గాయం మానే తొందరలో అక్కడి కండర కణాలు అతిగా పెరిగి, వల కన్నుల్లోంచి లోపలికి వచ్చేస్తాయి. మామూలు స్టెంటు వేసిన 100 మందిలో 20–30 మందికి కొద్ది నెలల్లోనే దారి మళ్ళీ ఇరుకయ్యేది. శరీరం తన గాయాన్ని తాను మాన్పుకోవడమే ఇక్కడ ముప్పు అన్నమాట! ఈ పెరుగుదలను ఆపే మందు ఆ ఒక్క చోటనే, ఆ కొద్ది వారాలే కావాలి. మాత్ర మింగితే ఒళ్ళంతా పాకుతుంది. అందుకే వలకే పూశారు.

ఆ మందు కథ ఇంకా వింతైనది. 1964–65లో కెనడా బృందం ఒకటి పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవి నుంచి మట్టి తెచ్చింది. అందులోని ఒక సూక్ష్మజీవి తయారుచేసే పదార్థాన్ని భారత సంతతి శాస్త్రజ్ఞుడు సురేంద్రనాథ్ సెహగల్ బృందం వేరుచేసింది. మొదట అది బూజును చంపే మందు అనుకున్నారు. కణాలు విభజన చెందకుండా ఆపుతుందని తరువాత తేలింది. అదే సిరోలిమస్. 1999 డిసెంబరులో బ్రెజిల్‌లో ఎడ్వర్డో సౌజా ఈ మందు పూసిన స్టెంటును తొలిసారి మనిషికి అమర్చాడు. మందును పాలిమర్ పొరలో కలిపి పూస్తారు. అందులోంచి దాదాపు 80 శాతం మొదటి నెలలో మెల్లగా ఊరుతుంది. మళ్ళీ ఇరుకయ్యేవారి సంఖ్య 100కు 10 లోపునకు పడిపోయింది.

కాని మందుకు మంచి కణం, చెడ్డ కణం అన్న భేదం తెలియదు. లోహాన్ని కప్పవలసిన పలుచని పొర కణాలను కూడా అది ఆలస్యం చేస్తుంది. లోహం బయట ఉన్నంతకాలం రక్తం గడ్డకట్టే భయం ఉంటుంది. అందుకే స్టెంటు వేశాక రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు నెలల తరబడి ఇస్తారు. ‘గుండె బాగయింది కదా’ అని వైద్యుణ్ణి అడగకుండా మానేస్తే ఉన్నట్టుండి దారి మూసుకుపోవచ్చు.

వల తీగను సన్నబరిస్తే ఈ భయం తగ్గుతుంది. తొలి మందు స్టెంటు తీగ మందం 140 మైక్రాన్లు. కోబాల్టు–క్రోమియం మిశ్రలోహం వచ్చాక 60–80 మైక్రాన్లకు దిగింది. ఇంచుమించు మీ తలవెంట్రుకంత! కొన్నిటిలో పాలిమర్ కూడా కొన్ని నెలల్లో కరిగిపోతుంది.

మరి వలే కరిగిపోతే? అదీ చేసి చూశారు. అలాంటి స్టెంటు ఒకదానికి 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. బలం కోసం దాని తీగను మళ్ళీ 150 మైక్రాన్ల దాకా లావు చేయవలసి వచ్చింది. రక్తం గడ్డలు ఎక్కువయ్యాయి. 2017లో అమ్మకం ఆపేశారు. ఇప్పుడు మెగ్నీషియం లోహంతో కరిగే వలలు చేస్తున్నారు.