శీలము, సమాధి, ప్రజ్ఞ

ప్రతి సంవత్సరము వైశాఖ పూర్ణిమకు మన మలేషియాలో వెసాక్ సెలవు వస్తుంది. కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్ విహారము నుండి దీపాల రథములు బయలుదేరుతవి. మనము పిల్లలతో వెళ్లి చూస్తాము. "బుద్ధుడు ఏమి చెప్పాడు?" అని వారడిగితే మాత్రము మనలో చాలామందికి జవాబు తోచదు. మన పెద్దలలో అనేకులు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతముల వారు. అక్కడ వంశధార ఒడ్డున శాలిహుండం, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ నేటికీ బౌద్ధానికి సాక్ష్యముగా ఉన్నవి. కనుక ఈ మాట మనకు పరాయిది కాదు.

సారనాథ్‌లో ఐదుగురు శిష్యులకు చేసిన మొదటి బోధలోనే బుద్ధుడు అష్టాంగ మార్గమును చెప్పాడు. ఆ ఎనిమిదింటిని మూడు భాగములు చేయుట వాడుక. సరియైన మాట, పని, జీవనోపాధి శీలము. సరియైన ప్రయత్నము, ఎరుక, ఏకాగ్రత సమాధి. సరియైన దృష్టి, సంకల్పము ప్రజ్ఞ. క్రీ.శ. 5వ శతాబ్దములో బుద్ధఘోషుడు 'విశుద్ధిమగ్గ' గ్రంథమును ఈ వరుసలోనే వ్రాశాడు.

శీలము ముందెందుకు? పగలంతా ఒకరిని మోసగించి, సాయంత్రము కన్నులు మూసుకొని కూర్చుంటే ఆ మోసమే మనసులో మెదలుతుంది. మనసు నిలువనిదే ఉన్నది ఉన్నట్లు కనబడదు. అయినా ఇవి ఒకటి ముగిసిన పిమ్మట ఒకటి ఎక్కే మెట్లు కావు. పొయ్యికి మూడు రాళ్లవంటివి. ఒకటి తీసివేస్తే కుండ నిలువదు.

మన తోటల సంగతే చూడండి. ఒకప్పుడు కూలి లైన్ల దగ్గరనే కల్లు దుకాణముండేది. జీతము రోజున డబ్బు అక్కడికే పోయేది. త్రాగినవానినే అందరూ తిట్టేవారు. మత్తు పదార్థములను త్రాగవద్దని పంచశీలములలో ఐదవది చెబుతుంది. అంతటితో ఆగక, ఆయుధములు, ప్రాణులు, మాంసము, మత్తు, విషము అమ్మి బ్రతుకవద్దని బుద్ధుడు గృహస్థులకు చెప్పాడు. అనగా త్రాగినవానితోపాటు అమ్మినవానికీ శీలము వర్తిస్తుంది.

వద్దని చెప్పినంత మాత్రమున కోరిక పోదు. అక్కడ సమాధి కావలె. రోజూ కొంతసేపు కూర్చుండి శ్వాస రాకపోకలను గమనించుట అందరికీ వీలైన అభ్యాసము. అలా గమనించేవానికి కోరిక పుట్టుట, పెరుగుట, తగ్గుట తెలుస్తుంది. వచ్చినది పోతుందని చదివి తెలుసుకొనుట వేరు, తనలో చూచుకొనుట వేరు. ఆ రెండవదే ప్రజ్ఞ.

మనము మతము మార్చుకోనక్కరలేదు. మన ఇంటి దీపము ముందు కూర్చుండియే ఈ అభ్యాసము చేయవచ్చును. వచ్చే వెసాక్‌నాడు పిల్లలు అడిగితే, రథము చూపి ఊరుకొనక, ఈ మూడు మాటలు చెబుదాము.