ముడిలో దాగిన గణితం

మానవుడు చక్రాన్ని కనుగొనడానికి ఎంతో పూర్వమే తాడు పేనడం నేర్చుకొన్నాడు. చేదకు కట్టే చేంతాడు, పశువును కట్టే పలుపు, తాటిచెట్టెక్కే గీత కార్మికుని మోకు ఆ విద్య ఫలాలే. అయితే తాడు ఎంత గట్టిదైనా, దానికి వేసిన ముడి జారితే ప్రయోజనం శూన్యం. నావికుని భద్రత, పర్వతారోహకుని ప్రాణం, శస్త్రవైద్యుడు వేసిన కుట్టు ముడి పట్టు మీదనే ఆధారపడి ఉంటాయి. ఏ ముడి నిలుస్తుందో, ఏది జారుతుందో చిరకాలంగా అనుభవమే చెబుతూ వచ్చింది. దానికి కారణమేమిటో తెలుసుకోవడానికి ఇటీవలి కాలంలో కంప్యూటర్ తోడ్పడింది.

రెండు తాళ్ల కొసలను కలిపే సందర్భాన్ని పరిశీలించవచ్చు. మొదట కుడి కొసను ఎడమ కొస మీదుగా, తరువాత ఎడమ కొసను కుడి కొస మీదుగా తిప్పి కడితే ‘రీఫ్ ముడి’ ఏర్పడుతుంది. రెండుసార్లూ కుడి కొసనే ఎడమ కొస మీదుగా తిప్పితే అది ‘గ్రానీ ముడి’ అవుతుంది. చూపులకు ఈ రెండూ కవలల వలె కనిపిస్తాయి. వాటిలో తాళ్లు ఒకదానినొకటి దాటే చోట్ల సంఖ్య కూడా సమానమే. అయినప్పటికీ గ్రానీ ముడి సులభంగా జారిపోతుంది. రీఫ్ ముడి అంతకంటె గట్టిగా పట్టి ఉంటుంది.

వంగే కడ్డీలను గూర్చిన గణితం కొత్తది కాదు. సన్నని కడ్డీ వంగినప్పుడు పొందే ఆకారాలను 1744లో లియొనార్డ్ ఆయిలర్ వివరించాడు. 1859లో గుస్తావ్ కిర్కాఫ్ వంపుతోపాటు మెలికను కూడా సమీకరణాలలోనికి తెచ్చాడు. కాని ముడిలో తాడు తనను తానే అనేకచోట్ల తాకుతుంది, ఒరుసుకొంటుంది. అటువంటి లెక్కను కాగితం మీద సాధించడం దుస్సాధ్యం.

కంప్యూటర్ ఈ చిక్కును మరొక విధంగా విప్పుతుంది. అది తాడును అనేక చిన్న తునకలుగా విభజిస్తుంది. ప్రతి తునక ఎక్కడ ఉన్నదో, ఎంత మెలి తిరిగినదో గుర్తుంచుకొంటుంది. సాగదీస్తే, వంచితే, మెలిపెడితే తాడు ఎంత ఎదురు తిరుగుతుందో గణిస్తుంది. అత్యల్ప కాలవ్యవధులలో తునకలను కొద్దికొద్దిగా కదుపుతూ, ఏ రెండు తునకలూ ఒకదానిలో నుంచి మరొకటి దూసుకొనిపోకుండా కాపాడుతుంది. తాకిన చోట ఘర్షణను కలుపుతుంది. ఈ గణనను సులభతరం చేసే ఒక పద్ధతిని 2008లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికీ, ఐరోపా సంస్థలకూ చెందిన పరిశోధకులు ప్రకటించారు.

2020లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన విశాల్ పాటిల్, యోర్న్ డంకెల్, మథియాస్ కోలె తదితరులు ముడుల రహస్యాన్ని ‘సైన్స్’ పత్రికలో వెల్లడించారు. ఒత్తిడిని బట్టి రంగు మారే పోగులతో ముడులు వేసి, ఏ భాగంపై ఎంత బలం పడుతున్నదో కంటితో చూశారు. కంప్యూటర్ గణన దానితో సరిపోతున్నదో లేదో సరిచూసుకొన్నారు. ముడి బిగుసుకొనేటప్పుడు తాడు భాగాలు తమ అక్షం చుట్టూ కొంత పొర్లుతాయి. ఇరుగుపొరుగు భాగాలు ఒకే దిశలో పొర్లితే ముడి జారడానికి వీలు కలుగుతుంది. ఎదురెదురు దిశలలో పొర్లితే ఘర్షణ పెరిగి ఒకదానినొకటి నిలువరిస్తాయి. రీఫ్ ముడిలో ఇట్టి ఎదురు మెలికలు అధికం. తాడు ఎన్నిసార్లు దాటుతుందన్నది, పక్కపక్కనే ఉన్న పోగులు ఎదురెదురుగా ఒరుసుకొంటాయా అన్నది కూడా ముడి బలాన్ని నిర్ణయిస్తాయి.

అయితే ఈ గణనలకు ఒక హద్దు ఉన్నది. తాడు తడిసినా, అరిగినా ఘర్షణ మారుతుంది. తప్పు విలువనిస్తే కంప్యూటర్ తప్పు ఫలితాన్నే ఇస్తుంది. రీఫ్ ముడిని సైతం ప్రాణభారం మోసే చోట నమ్మరాదని నావికుల అనుభవం హెచ్చరిస్తున్నది. కనుక గణన అనుభవాన్ని తోసిపుచ్చలేదు. అనుభవం ఎరిగిన సత్యానికి కారణాన్ని చూపి, శస్త్రవైద్యునికీ పర్వతారోహకునికీ మరింత నమ్మదగిన ముడులను రూపొందించే మార్గాన్ని తెరిచింది.