అత్తమ్మ మూటలు, నా జిప్ కవర్లు

నాగారంలో మా పాత ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేశాం. రెండు వీధుల అవతల అద్దె ఫ్లాట్‌లోకి మారాం. సామాను సర్దేటప్పుడు అత్తమ్మ అలమరలో ఒక గిన్నె నిండా చిన్న చిన్న గుడ్డ మూటలు కనిపించాయి. విప్పితే పూల విత్తనాలు! నాకు సర్దుడు పిచ్చి ఎక్కువ. గింజలన్నీ తొమ్మిది జిప్ కవర్లలో పోసి, మాసిన పీలికలన్నీ చెత్తబండిలో వేసేశాను. పెద్ద ఘనకార్యం చేశాననుకున్నాను.

సాయంత్రం అత్తమ్మ అడిగింది. "నీలం గుడ్డ మూట ఏది బిడ్డా?"

అప్పుడు తెలిసింది, ఆ పీలికలే లేబుళ్లని. నీలం దాంట్లో శంఖుపూలు. పచ్చ గుడ్డకి రెండు ముడులుంటే ముద్దబంతి, ఒక్క ముడైతే రెక్కబంతి. చదువు రాని మనిషి ముప్ఫై ఏళ్లుగా దాచుకున్న లెక్క అది. ఆమె తిట్టలేదు. "పోనీ తియ్" అని గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టినా బాగుండేది. మళ్లీ గింజలు ఏరుకుందామంటే అప్పటికే తోటలో జేసీబీ తిరిగింది.

మర్నాడు తెల్ల పళ్లెం ముందేసుకుని కూర్చున్నాం. కొన్ని చూడగానే దొరికిపోయాయి. బంతి గింజ నల్లటి సూది, చివర గడ్డిరంగు తోక. జీనియా బల్లపరుపుగా బాణం మొనలా ఉంటుంది. శంఖుపువ్వు గింజ పెసర కన్నా పెద్దది, మచ్చలతో రాయిలా గట్టిగా ఉంటుంది. బంతిలో ముద్ద ఏదో, రెక్క ఏదో మాత్రం గింజ చెప్పదు. పూస్తేనే తెలుస్తుంది.

అయిదో కవరు చూసి అత్తమ్మ గబుక్కున పక్కకు లాగింది. "గిది వంటింట్ల పెట్టినవా?" పెట్టాను, పోపుడబ్బా పక్కనే! అవి చంద్రకాంత గింజలు. అచ్చం మిరియాల్లా ఉంటాయి, కానీ విషం. తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నిదానంగా చూస్తే పైన నిలువు గీతలు కనిపిస్తాయి. పగలగొడితే లోపల తెల్లటి పిండి. మిరియం ఘాటు ఎక్కడా ఉండదు. మీ ఇంట్లో కూడా పేరు తెలియని గింజలు ఉంటే వాసన చూడండి, పగలగొట్టి చూడండి, నాలిక మీద మాత్రం వేసుకోవద్దు.

అసలు చిక్కు తర్వాతి మూడు కవర్లతో వచ్చింది. మూడింట్లోనూ ఆవగింజ కన్నా సన్నగా, నల్లగా, మెరిసే గింజలే. ఒకటి గునుగు, ఒకటి సీతజడ, ఒకటి తోటకూర. మూడూ ఒకే కుటుంబం, పోలికలు అలాగే ఉంటాయి మరి. అత్తమ్మ వేళ్ల మధ్య నలిపి చూసి తల అడ్డంగా ఊపింది. గునుగు లేకుండా బతుకమ్మ ఏంటి? ఆ సీతజడ కూడా ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నదట, ముదురు ఎరుపు.

పటాన్‌చెరు ఇక్రిశాట్ జీన్ బ్యాంకులో 1,20,000కు పైగా విత్తన నమూనాలున్నాయి. జొన్న, సజ్జ, కంది, శనగ లాంటివి. ప్రతిదానికీ ఒక నంబరు, ఎక్కడ సేకరించారో వివరం ఉంటాయి. ఆ వివరం పోతే సగం విత్తనం పోయినట్టే. నేను చేసింది అదే.

ఇక మొలిపించడం తప్ప దారి లేదు. ఉన్నవన్నీ ఒకేసారి వేయకుండా, కవరుకి పది చొప్పున తడిగుడ్డలో చుట్టి పెట్టాం. ఎన్ని మొలిస్తే అంత సత్తువ ఉన్నట్టు. బంతి అయిదో రోజుకే ఎనిమిది మొలిచింది. శంఖుపువ్వు మొండికేసింది. గరుకు కాగితం మీద కాస్త రుద్ది రాత్రంతా నానబెట్టాక కదిలింది. మూడు నల్ల కవర్లలో ఒకదాంట్లో పదికి రెండే మొలకలు. "గదే సీతజడ అయితది, నా అదృష్టం" అంది అత్తమ్మ.

ఆషాఢంలో బాల్కనీ కుండీల్లోకి మార్చాం. ఆ రెండు మొక్కల కాడలు ఎర్రగా రాగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అత్తమ్మ చల్లగా నీళ్లు పోసింది: "ఎర్ర తోటకూర కాడ గూడ ఎర్రగనే ఉంటది". మరో కుండీలో బాగా ఏపుగా పెరిగింది తోటకూరే అని తేలాక పప్పులో వేశాం. గునుగు సన్నటి కంకి తీసింది. కిందటి వారం ఒక ఎర్ర కాడ కొసన మఖమల్ ముక్కలాంటిది, మడతలు మడతలుగా కనిపించింది. అత్తమ్మ వేలితో నిమిరి, నన్ను ఒక పాత చీర అడిగింది, చించడానికి. గింజలు ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మ పట్టి బూజొస్తుందట. ఇప్పుడు పేరూ నెలా నేను పెన్సిల్‌తో కాగితం పొట్లం మీద రాస్తున్నాను, పైన ముడి ఆమె వేస్తోంది.

తొమ్మిదో కవరు మాత్రం తేలలేదు. చదునుగా, మూత్రపిండం ఆకారంలో ఉన్న గోధుమరంగు గింజలు. కీసరగుట్ట జాతరలో ఎవరో ఇచ్చారని అత్తమ్మ అంటుంది. నాకేమో ఉమ్మెత్తేమోనని అనుమానం. పిల్లలకు అందకుండా పిట్టగోడ మీద వేరే కుండీలో వేశాం. ఇంకా మొలవలేదు.