మలివయసున మనశ్శాంతి

ఏబదియేండ్లు దాటిన స్త్రీ సైకి లెక్కినచో నలుగురు నవ్వుదురని మనకు జంకు. అమెరికా సంఘసేవిక ఫ్రాన్సిస్ విల్లార్డు 1892లో తల్లిని గోల్పోయి, దుఃఖముచే క్రుంగి, 53వ యేట సైకిలు నేర్చెను. ఆ యనుభవమును 1895లో పుస్తకముగా బ్రకటించెను.

దువ్వాడ, ఉక్కునగరము ప్రాంతపు సోదరీమణులు వేకువనే, రద్దీ లేని వీధిలో దీనిని ప్రారంభింపవచ్చును. ముందుగా పది నిమిషములు కదలక కూర్చుండి శ్వాసను గమనింపుడు; మెల్లగా విడుచు శ్వాస గుండెవేగమును దగ్గించును. పిదప, పాదములు నేల కందునట్లు సీటును దించి, చీర చెంగు చక్రమున జిక్కకుండ బిగించి బయలుదేరుడు. మోకాళ్ల నొప్పి, గుండెజబ్బు గలవారు తొలుత వైద్యుని యడుగవలయును.

చూపు చక్రముపై గాక త్రోవపై నుండవలెను. చక్రమునే చూచువారు పడుదురు. ధ్యానమునందును నంతియే: చింతవైపు పోయిన మనస్సును, నొప్పింపక, శ్వాసకు మరల్చుచుండవలెను.

నవ్వువారి మాట యందురా? వీధిమలుపు దాటునప్పటికి వారి నవ్వు మనకు వినబడదు.