పియానో ఎప్పుడొస్తదక్కా?

పియానో అనగానే మనకు గుర్తొచ్చేది పాత సినిమాల్లో పుట్టినరోజు పార్టీయే కదా! సూటు వేసుకున్న హీరో వాయిస్తూ పాడుతుంటాడు, మెట్ల మీద హీరోయిన్ కళ్లు తుడుచుకుంటుంది. కామారెడ్డిలో పుట్టి పెరిగిన నేను నిజం పియానోను ఇంతవరకూ తాకి చూడలేదు. అయినా రోజూ ఎల్లారెడ్డి స్కూలుకు వెళ్లే బస్సులో నేను ఎక్కువగా వినేది బీథోవెన్ మూడో పియానో కన్సర్టోనే. ఒక పక్క పియానో, మరో పక్క పెద్ద వాద్యబృందం. ఒకరు అన్నది మరొకరు అందుకుంటూ మూడు భాగాలుగా, సుమారు 35 నిమిషాలు సాగుతుంది.

ఓసారి పక్క సీట్లోని కొత్త టీచరుకు ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను. రెండు నిమిషాలు ఓపిగ్గా విని, "పియానో ఎప్పుడొస్తదక్కా?" అంది. న్యాయమైన ప్రశ్నే! మొదట మూడు నిమిషాలకు పైగా వాద్యబృందమే వాయిస్తుంది. ఆ తర్వాత పియానో మూడుసార్లు గబగబా మెట్లెక్కినట్టు కింది స్వరం నుంచి పైకి దూసుకొస్తుంది. "అబ్బ, కోపంగ వచ్చింది" అని నవ్వేసిందా అమ్మాయి.

1803 ఏప్రిల్ 5న వియన్నాలో దీన్ని మొదటిసారి వాయించింది బీథోవెనే. అప్పటికే ఆయనకు వినికిడి తగ్గుతోంది. పక్కన కూర్చుని పేజీలు తిప్పిన సైఫ్రీడ్ చూస్తే చాలా పేజీలు ఖాళీ! అక్కడక్కడా రాసినవాడికి తప్ప ఎవరికీ అర్థంకాని గీతలు. రాయడానికి వేళ చాలక, అంతా మనసులోంచే వాయించేశాడన్నమాట. ఎప్పుడు తిప్పాలో తెలీక సైఫ్రీడ్ పడిన కంగారు తలుచుకుని రాత్రి భోజనాల దగ్గర బీథోవెన్ ఒకటే నవ్వట.

ఇందులో కావాలని వదిలిన ఖాళీ ఇంకోటుంది. మొదటి భాగం చివర్లో వాద్యబృందం ఆగిపోతుంది. అక్కడ పియానో వాయించేవాళ్లు సొంతంగా అల్లుకోవాలి. మన కచేరీలో కల్పనస్వరాల్లాంటిదనుకోండి. దాన్ని కాడెంజా అంటారు. బీథోవెన్ తన కాడెంజాను 1809లో రాసిపెట్టాడు. తర్వాతి తరంలో దాన్ని పక్కనపెట్టి తనదే రాసుకున్న ఒకావిడ ఉంది. పేరు క్లారా షూమన్.

1835లో, పదహారేళ్లకే లైప్‌జిగ్‌లో సొంత కన్సర్టోను వాయించి మెప్పించిన పిల్ల ఈమె. నాలుగేళ్లు తిరిగేసరికి, ఆడది సంగీతం రాయాలని ఆశపడకూడదని డైరీలో రాసుకుంది. ఆ మాట ఆమె నోట పలికించింది ఎవరంటారు? తర్వాత పెళ్లి, ఎనిమిది కాన్పులు, భర్త జబ్బు. 1856లో ఆయన పోయాక ఊరూరా కచేరీలు చేస్తూ ఇల్లు నడిపింది. ఆశపడకూడదనుకున్న ఆ చెయ్యే బీథోవెన్ వదిలిన జాగాలో తన స్వరాలు రాసింది. మూడో కన్సర్టోకే కాదు, నాలుగోదానికీ!

నాకైతే ఆమెదే ఇష్టం. చాలామంది బీథోవెన్ కాడెంజానే వాయిస్తారు. కాబట్టి ఫోన్లో వెతికేటప్పుడు క్లారా పేరు కూడా కలిపి, కాస్త ఓపిగ్గా వెతకండి.