తొలి నెయిల్ కిట్: పొదుపు రంగుల్లోనే చేయాలి

నెయిల్ ఆర్ట్ కోర్సు పూర్తిచేసి, ఇళ్లకు వెళ్లి పనిచేయాలనుకునే అమ్మాయికి తొలి పరీక్ష సామాన్ల కొనుగోలే. చేతిలో డబ్బు తక్కువ. హైదరాబాద్ బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ఊరించే రంగులు ఎక్కువ. పొదుపు చేయాల్సింది ఆ రంగుల్లోనే. ల్యాంప్, జెల్ నాణ్యత, శుభ్రతల్లో కాదు. జెల్ పాలిష్ గాలికి ఆరదు, సాధారణంగా 365 నుంచి 405 నానోమీటర్ల కాంతికి గట్టిపడుతుంది. ల్యాంప్ సరిపోకపోతే పైన మెరిసినా లోపల పచ్చిగా మిగులుతుంది. ఆ పచ్చి జెల్‌లోని అక్రిలేట్లు చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు, వస్తే సాధారణంగా జీవితాంతం వదలదు. రోజూ జెల్‌తో పనిచేసే టెక్నీషియన్‌కే ఆ ముప్పు ఎక్కువ. అందుకే బేస్ కోట్, టాప్ కోట్, ల్యాంప్ ఒకే కంపెనీవి, లేబుల్‌పై పదార్థాల జాబితా ఉన్నవి తీసుకోవాలి.

రంగులు తక్కువైతే కస్టమర్లు రారని కొందరంటారు. కానీ ఎరుపు, మెరూన్, లేత గులాబీ, న్యూడ్, తెలుపు, నలుపు ఉంటే పెళ్లికూతురి గోళ్ల నుంచి ఫ్రెంచ్ టిప్స్ దాకా చాలా పని జరుగుతుంది. మిగిలిన డబ్బుతో నైట్రైల్ గ్లౌజులు, మనిషికొకటి చొప్పున వాడి పారేసే 180 గ్రిట్ ఫైళ్లు, కడిగి క్రిమిరహితం చేసుకోగల స్టీల్ పుషర్లు రెండు సెట్లు వస్తాయి. రంగులు సంపాదనతోపాటు పెరుగుతాయి. అలర్జీ పట్టిన చేతులతో వృత్తే సాగదు.